ఎడమకు నడిచిన పెద్దలు

పోయిన నెల రైలు కోసం కొత్తగూడెం వెళ్లాను. ఆ స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. ఆ పేరు నమ్మి దిగి, "గుడి ఎటు?" అని అడిగే యాత్రికులు ఏ రైలుకైనా ఒకరిద్దరు ఉంటారు. ఇక్కడి నుంచి ఇంకో గంటకు పైగా బస్సులో పోవాలి, మధ్యలో గోదావరి దాటాలి అని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ రోజు కూడా ఒక కుటుంబానికి ఈ సంగతి చెప్పి, బోర్డు మీద "రోడ్డు" అన్న ముక్క కూడా ఉంది కదా, దాన్నెందుకు వదిలేసి చదివారని ఊరుకోలేక వాయించి, స్టేషను బయట టీ తాగుతూ ఉండగా ఎదుటి ప్రహరీ గోడ కనిపించింది. గోడ పొడవునా ఎర్ర పూత మీద పసుపు, తెలుపు రంగుల్లో మనుషులు వరసగా నడుస్తున్నారు. ముందు ఒక ఏనుగు, వెనక చేతికర్రలు పట్టుకున్న పెద్దలు, ఆఖర్న నెత్తిన బుట్టతో ఒక ఆడమనిషి. గోడ ముందు ఇరవై ఏళ్ల పిల్ల ఒకతి కింద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఆ బొమ్మల్ని గీసుకుంటోంది.

"ఆంటీ, కొంచెం పక్కకు జరుగుతరా? నీడ పడుతుంది" అంది తల ఎత్తకుండా. జరిగాను. ఏం గీస్తున్నావమ్మా అని అడిగాను. "ట్రైబల్ ఆర్ట్ ఆంటీ. కాలేజీ ప్రాజెక్టు. చూసిండ్రా, కర్రలన్నీ ఎడమ చేతిలనే ఉన్నయి. అందరు ఎడమకే నడుస్తున్నరు. మా సార్ చెప్పిండు, అదే ఈ స్టైల్ స్పెషాలిటీ అంట." నేను మామూలుగా ఇలాంటి మాట విని ఊరుకునే మనిషిని కాను. కూరగాయల బండి దగ్గర సొరకాయను ఆనపకాయ అన్నందుకే అరగంట వాదించిన చరిత్ర నాది. ఆ పిల్లతో మాత్రం "బాగా గీస్తున్నావు" అని చెప్పి, చల్లారిన టీ పారబోసి, స్టేషను లోపలికి వచ్చేశాను. ఎందుకంటే ఆ పెద్దల చేతుల్లో కర్రను కుడి నుంచి ఎడమకు మార్చిన మహానుభావురాలిని నేనే. ఆరేళ్ల కిందట, కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్క క్లిక్కుతో. ఆ పోస్టరు చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు వేసుకుంటూ పోయి, నా తప్పు ఇప్పుడు పరీక్షలో మార్కులు తెచ్చే ప్రత్యేకత అయి కూర్చుంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. భద్రాచలంలో మాకొక డిజైన్ షాపు ఉంది. మాకు అంటే నాకు. మావారు బడిపంతులు, ఆయనకు తప్పులు దిద్దడం తప్ప వేరే కళ రాదు. ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో, హాస్టలు పక్క సందులో బోర్డులు రాసే ఒక పెద్దాయన దగ్గర సాయంత్రాలు కూర్చుని అక్షరం నేర్చుకున్నాను. మొదట గుడ్డ బ్యానర్లు రాసేదాన్ని. తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి, కుంచె అటకెక్కింది, మౌసు చేతికొచ్చింది. ఫ్లెక్సీ డిజైన్ అనేది కళా కాదు, వ్యాపారమూ కాదు, పంచాయితీ. ఒక నాయకుడి పుట్టినరోజుకు ముప్పై ఒక్క ముఖాలు పెట్టమంటారు. తీరా అచ్చయ్యాక పదిహేడో ముఖం గలాయన స్కేలు పట్టుకుని వచ్చి, పద్దెనిమిదో ముఖం తనకన్నా పెద్దగా ఎందుకుందని నిలదీస్తాడు. "వాడి తల నిజంగానే పెద్దది, నేనేం చేసేది?" అన్నందుకు ఆ వర్గం మొత్తం ఏడాదిపాటు మా షాపు మెట్లెక్కలేదు. మావారు ఎవరికి నన్ను పరిచయం చేసినా "ఈమెతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదండీ, పుట్టినా మాటలు నేర్వలేదు" అంటారు. నేను అది పొగడ్త అనే అనుకునేదాన్ని.

ఈ ముఖాల గొడవతో విసిగి ఉన్న రోజుల్లో హైదరాబాదులో డిజైనర్ల సదస్సు ఒకటి జరిగితే వెళ్లాను. నీలిమందు అద్దిన ఖద్దరు లాల్చీ వేసుకున్న ఒకాయన, విదేశాల బొమ్మలు ఎన్నాళ్లు ఎత్తుకొస్తారు, మీ ఊళ్లో కుట్టేవాళ్లూ చెక్కేవాళ్లూ లేరా, మీ పోస్టర్లు మీ మట్టి రంగులో ఎందుకు లేవు అని ఉతికి ఆరేశాడు. నాకు నచ్చాడు. ఎందుకంటే నాలాగే తిడతాడు. తిరిగి వచ్చాక పూనకం వచ్చినట్టు పనిచేశాను. పాల కేంద్రానికి కొండపల్లి ఆవు, చీరల దుకాణానికి కలంకారీ లతలు, పెళ్లి కార్డు మీద చేర్యాల పటంలోలాగా పెద్ద కళ్ల పెళ్లికొడుకు. సిమెంటు దుకాణం ఆయనకు కూడా అంబారీ ఏనుగును అంటగట్టాను. "సిమెంటుకూ ఏనుగుకూ ఏంది సంబంధం మేడం?" అని ఆయన, "బలం" అని నేను. ఇవన్నీ ఎవరో ఒకరి చేతిపని, ఎవరినైనా అడగాలా అని ఒక్కనాడూ తోచలేదు. పుస్తకంలో ఉంది, చూశాను, నాది. ఆ అలవాటు అలాగే పెరిగి పెద్దదైంది.

ఆ రోజుల్లోనే తాత షాపుకు వచ్చాడు. నాకేమీ తాత కాడు. చర్ల పోయే దారిలో, పర్ణశాల దాటాక రోడ్డు దిగి అడవిలోకి పోవాల్సిన కోయగూడెం ఆయనది. సన్నగా, పొడుగ్గా, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. వచ్చీ రాగానే, అటక మీద మిగిలిపోయిన పాత బ్యానర్ గుడ్డ తాను వైపు చెయ్యి చూపించి, "ఆ ఎర్రది రంగు దిగుతదా?" అని అడిగాడు. దిగదన్నాను. "దిగుతది" అన్నాడు. ఇరవై ఏళ్ల నుంచి ఈ గుడ్డ మీద రాస్తున్నాను, నాకు తెలియదా అని మొదలుపెట్టి, మిల్లు గొప్పతనం, అద్దకం గొప్పతనం అంతా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, నా టేబుల్ మీది మంచినీళ్లు రెండు చుక్కలు గుడ్డ అంచు మీద వేసుకుని, తన పంచెకేసి గట్టిగా రుద్దాడు. పంచె మీద గులాబీ రంగు మరక. "ఇగో, నీ ఇరవై ఏళ్లు" అన్నాడు. నా జన్మలో ఒక వాదన అంత తొందరగా ఓడిపోవడం అదే మొదలు. నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. ఖమ్మంలో వెతికి రంగు దిగని గుడ్డా దారమూ తెచ్చిపెడతానని నేనే మాటిచ్చాను.

ఆ గుడ్డ దేనికో తరవాత తెలిసింది. వాళ్ల ఇంట్లో పడిగె ఉంది. కోయల్లో ఒక్కో వంశానికి, తమ పెద్దలు ఎక్కడి నుంచి బయలుదేరారో, ఏ వాగు దాటారో, ఏ మృగం దారి చూపిందో చెప్పే గుడ్డ జెండా ఉంటుంది. అదే పడిగె. ఒకవైపు వెడల్పుగా మొదలై కొసకు సన్నబడుతుంది. దాని మీద బొమ్మలు గీసినవి కావు, రంగు గుడ్డలు కత్తిరించి కుట్టినవి. ఏడాదికొకసారి ఎండాకాలంలో ఇలవేల్పుకు కొలుపు చేసినప్పుడు దాన్ని విప్పి, బొమ్మ తరవాత బొమ్మ చూపిస్తూ మొదటి నుంచి చివరిదాకా కథ చెబుతారు. మిగతా రోజుల్లో మూటకట్టి ఇంట్లో పైన వేలాడదీస్తారు. ఆ వంశంలో పడిగెను దాచేదీ, కథ చెప్పేదీ తాత ఇల్లే. ఆయన తండ్రి చెప్పాడు, ఆ తండ్రి తండ్రి చెప్పాడు. ఆయనకు పొలం ఉంది, రెండు ఎడ్లున్నాయి, ఇప్పపువ్వు ఏరుకునే చెట్లున్నాయి. ఊళ్లో అందరికీ అవి ఉన్నాయి. ఆయన్ని ఆయనగా నిలబెట్టేది ఆ మూట ఒక్కటే.

వానలు వెనకబట్టాక గుడ్డా దారమూ తీసుకుని, మావారి వెనక స్కూటరు మీద గూడెం చేరాను. వానాకాలం పోయాక మూటకు ఒకసారి గాలి తగిలించి, చిరుగులుంటే కుట్టడం ఆ ఇంటి పద్ధతి. అప్పుడు కథ చెప్పరు, డోలు కొట్టరు. ఊరికే బాగుచేసుకుంటారు. తాత కాళ్లు కడుక్కుని, నన్నూ కడుక్కోమని, సాంబ్రాణి వేసి మూట విప్పాడు. పొయ్యి దగ్గర ఆయన భార్య, అవ్వ, జావ కాస్తోంది. మావారు బయట ఎవరితోనో పొలాల కబుర్లలో పడ్డారు. గుడ్డ బిగువుగా పట్టుకోవడానికి రెండో మనిషి కావాల్సి వచ్చింది. "పట్టు బిడ్డా" అని తాత వెడల్పు అంచు నా చేతికిచ్చాడు.

నేను అప్పటిదాకా చూసిన బొమ్మలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మబ్బు ఎరుపు గుడ్డ మీద పసుపు ఏనుగు, దాని వెనక ఏడుగురు పెద్దలు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కర్ర, కాలు ఎత్తి వేయబోతున్నట్టు. కళ్లు లేవు, ముక్కుల్లేవు. అయినా నడక ఉంది. నాలుగు వందల ముఖాలు కంప్యూటర్లో పట్టుకుని తిరిగే నాకు, ముఖమే లేని మనిషి ఇంత మనిషిగా కనిపించేసరికి గుడ్డ మీదికి ఇంకా వంగాను. తాత అది గమనించాడు. సూదిలో దారం ఎక్కిస్తూ, "మంచిగ చూడు. కండ్లల్ల పెట్టుకో. ఫోన్ల మాత్రం పెట్టకు" అన్నాడు. "ఎందుకు తాతా?" అన్నాను, అలవాటు కొద్దీ. "కండ్లల్ల ఉన్నది నీతోనే ఉంటది. ఫోన్లది ఏడికి పోతదో నీకేం ఎరుక?" అన్నాడు. సరేనన్నాను. నిజం చెబుతున్నాను, అన్నప్పుడు సరేననే అన్నాను.

కుట్టు సగంలో ఉండగా, కొస దగ్గర ఎలుక కొరికిన చోటుకు కొలతగా గుడ్డ కత్తిరించాలని, కత్తెర కోసం తాత పక్కింటికి వెళ్లాడు. సూది గుడ్డలోనే గుచ్చి ఉంది. నేను పడిగెను చాప మీద మెల్లగా పరిచాను. చేతి సంచిలో ఫోను ఉంది. దానికంటే ముందు నా బుర్రలో ఇంకొకటి ఉంది. అడవి ఊళ్లలో జ్వరాల మీద పోస్టరు కావాలని ఒక ఆఫీసువాళ్లు అడిగి పది రోజులైంది, ఏమీ తోచక కూర్చున్నాను. ఆ పోస్టరు ఇదిగో, నా కాళ్ల ముందు పరుచుకుని ఉంది. ఎవరికి నష్టం? వాళ్ల ఊళ్ల కోసమే కదా? వాళ్ల పిల్లల జ్వరాల కోసమే కదా? నాతో నేను వాదించుకున్నాను. నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు కాబట్టి అప్పుడూ నేనే గెలిచాను. గబగబా ఫోటోలు తీశాను. తాత వచ్చేసరికి అంచు పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. అవ్వ మా ఇద్దరికీ గిన్నెల్లో జావ పోసి ఇచ్చింది. తాగాను. చింతకాయ పచ్చడి నంజుకుని, ఇంకొంచెం పోయించుకుని మరీ తాగాను.

పోస్టరు మూడు రోజుల్లో తయారైంది. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా దవాఖానాకు రండి, దోమతెర కట్టుకోండి, ఇదీ విషయం. దవాఖానా ఫోటో ఎడమవైపు ఉండాలని ఆఫీసువాళ్ల షరతు, కుడివైపు వాళ్ల గుర్తులు వస్తాయట. పడిగెలో పెద్దలు కుడివైపుకు నడుస్తున్నారు. అలాగే పెడితే దవాఖానాకు వీపు తిప్పి పోతున్నట్టుంటుంది. ఖమ్మంలో నాకు అక్షరం నేర్పిన పెద్దాయన, బొమ్మ చూపు ఎప్పుడూ విషయం వైపు ఉండాలి, బయటికి చూసే బొమ్మ చదివేవాణ్ని కూడా బయటికే పంపుతుందని చెప్పేవారు. ఫ్లెక్సీ పనిలో ఇది రోజూ చేసేదే. నాయకుడు అటు చూస్తుంటే ఇటు తిప్పుతాం, జేబు కుడివైపుకు పోయినా ఎవరూ పట్టించుకోరు. కత్తిరించిన పెద్దల్ని, ఏనుగుతో సహా, అడ్డంగా ఫ్లిప్ చేశాను. దవాఖానా వైపు చక్కగా బారు తీరారు. చూసి నేనే మురిసిపోయాను. ఆఫీసువాళ్లు ఇంకా మురిసిపోయారు. "మన అడవి కళను ఇంత అందంగా వాడిన పోస్టరు ఇంతవరకూ రాలేదు" అని ఒక మీటింగులో శాలువా కప్పారు. చర్ల దాకా ప్రతి బడి గోడకూ, ప్రతి బస్ షెల్టరుకూ అంటించారు. మావారు పోస్టరు చాలాసేపు చూసి, "ఆయన్ని అడిగావా?" అన్నారు. "అడగాల్సిన అవసరం ఏముంది, అందరి మంచికే కదా" అన్నాను. ఆయన తప్పు దొరికిన చోట ఎర్ర ఇంకు పెట్టే మనిషి. ఆ రోజు మాత్రం పోస్టరు మడిచి పక్కన పెట్టి నోట్సు పుస్తకాలు ముందేసుకున్నారు.

పదిహేను రోజులు తిరగకముందే ఆఫీసు నుంచి ఫోను. కొన్ని గూడేల్లో పోస్టర్లు చింపేస్తున్నారు, జ్వరమొచ్చినా దవాఖానాకు పోమంటున్నారు, మీరొకసారి రావాలి మేడం అని. జీపులో తీసుకెళ్లారు. తాత వాళ్ల గూడెం బయట ఇప్పచెట్టు కింద ఆ వంశంవాళ్లు నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చి కూర్చున్నారు. తాత ఒక పక్కగా, తువ్వాలు ఒళ్లో మడిచి పెట్టుకుని కూర్చున్నాడు. అవ్వ ఆడవాళ్లలో ఉంది. వంశానికి పెద్దమనిషి, తాతకంటే కొంచెం చిన్నవాడు, చింపుకొచ్చిన పోస్టరు నేల మీద పరిచి నన్ను పిలిచాడు. "ఇది చేసింది నువ్వేనా అమ్మా?" అవునన్నాను. "మా పెద్దలు కుడికి నడుస్తరు. కర్ర కుడి చేత పడతరు. ఎడమ చేత కర్ర పట్టి ఎడమకు మళ్లిండ్రంటే ఏందో తెలుసా నీకు? చచ్చినోణ్ని తోలుకపోతున్నరని. నువ్వు మా పెద్దలందరిని దవాఖానాకాడికి తోలినవ్. మా వోళ్లు దాన్ని చూసి ఏమనుకోవాలె? జ్వరమొస్తే పొయ్యి చావుండ్రి అనా?"

వేరే వంశాల ఆచారం ఏమిటో నాకు తెలియదు, ఆ ఇంటిది మాత్రం ఇది. అప్పుడైనా తప్పైంది అనవచ్చు కదా? అనలేదు. నా నోరు ముందే పరుగెత్తింది. అది కంప్యూటరు తిప్పిన బొమ్మ అనీ, కావాలని చేసింది కాదనీ, విషయం మంచిదనీ, దోమ ఏ వంశమో చూసి కుట్టదనీ చెప్పాను. ఒకరిద్దరు కుర్రాళ్లు నవ్వారు కూడా. నవ్వేసరికి నాకు ఊపొచ్చింది. కళ అనేది మూటలో ఉంటే ఎలుకలు కొడతాయి, నలుగురిలోకి వస్తే బతుకుతుంది అన్నాను. ఆ మాట హైదరాబాదు సదస్సు నుంచి ఎత్తుకొచ్చిందే.

పెద్దమనిషి చెయ్యి ఎత్తి ఆపాడు. "అదంతా పక్కన పెట్టు. ఒక్కటి చెప్పు. మా పడిగె నీ కంప్యూటర్లకు ఎట్ల వచ్చింది? నువ్వు తీసుకున్నవా, ఆయన ఇచ్చిండా?"

నా పక్కన ఆఫీసు మనిషి నిలబడి ఉన్నాడు. రాబోయే ఏడాది క్యాలెండరు కూడా నాతోనే చేయిస్తామని వచ్చేటప్పుడు జీపులో అన్నాడు. కానీ ఆ సాకు ఇప్పుడు చెప్పను. అసలు కారణం అది కాదు. అంతమంది ముందు ఓడిపోవడం నాకు చేతకాలేదు, అంతే. "తాతే విప్పి చూపించిండు. నేనేం దొంగతనంగ తియ్యలే" అన్నాను.

మొదటి ముక్క నిజం. రెండో ముక్కను దాని చాటున నిలబెట్టాను. అందరూ తాత వైపు తిరిగారు. తాత నా వైపు చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు, కళ్లు కొంచెం చిన్నవి చేసి చూశాడు. నేను ఇంకేదో చెబుతానని ఆగినట్టున్నాడు. ఆ ఆగడం నాకు తెలుస్తూనే ఉంది. నేను పోస్టరు వైపు చూశాను. "అవ్" అన్నాడు చివరికి పెద్దమనిషితో. "నేనే చూపించిన." వద్దని చెప్పానని అనలేదు. ఆడవాళ్లలో అవ్వ లేచి నిలబడబోయింది. తాత చెయ్యి కొంచెం కదిపాడు, కూర్చుంది.

వాళ్లు వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. తేలింది ఏమిటంటే, కొలుపు కాని రోజున బయటి మనిషికి పడిగెను చూపించి, బొమ్మ దిగనిచ్చాడు కాబట్టి పడిగె ఇక ఆ ఇంట్లో ఉండకూడదు. పక్క ఊళ్లో ఉన్న ఆయన తమ్ముడి కొడుకు ఇంటికి పోవాలి. కథ కూడా ఇక అతనే చెప్పాలి. అందరం తాత ఇంటి దాకా నడిచాం; ఆ వచ్చినవాళ్లలోనే ఉన్న అతను అప్పటికప్పుడు కాళ్లు కడుక్కుని గడప ముందు నిలబడ్డాడు. తాత లోపలికి వెళ్లి మూట దించి, తన చేతులతోనే తెచ్చి గడపలో నిలబడి ఇచ్చాడు. ఇస్తూ, "కొసకాడ కుట్టు కాలే ఇంకా. సూది అండ్లనే ఉన్నది, పైలం, చెయ్యి గుచ్చుకుంటది" అన్నాడు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడైనా అనవచ్చు, ఆగండి అని. జీపు డ్రైవరు హారను కొట్టాడు. వెళ్లి ఎక్కాను. వెనక సీట్లో ఆఫీసు మనిషి "భలే మాట్లాడారు మేడం, గట్టెక్కించారు" అన్నాడు. పోస్టరు మళ్లీ వేశారు, తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఫోటోతో. అది ఎవరూ చింపలేదు. ఎవరూ చదివినట్టు కూడా లేదు.

ఆ తరవాత ఐదేళ్లు ఆ దారిన పోలేదు. చర్ల వైపు పని వస్తే ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నాను. పెళ్లిళ్లలో, బస్సుల్లో, దుకాణంలో ఎప్పటిలాగే వాదించాను, గెలిచాను. ఇంట్లో మాత్రం మావారు నన్ను పరిచయం చేసేటప్పుడు ఆ పాత మాట అనడం మానేశారు. ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు, మానేశారని ఒకనాడు గమనించాను. నిరుడు వానల్లో ఆయనే వచ్చి, "మీ తాత పోయాడట" అని చెప్పారు. "నాకేం తాత?" అన్నాను. అని, వంటింట్లోకి పోయి చాలాసేపు ఉల్లిపాయలు తరిగాను. ఆ పూట మేం చేసుకున్న కూరలో ఉల్లిపాయే లేదు.

స్టేషను దగ్గర గోడ చూసి వచ్చిన వారానికి బయలుదేరాను. మావారు నేనొస్తానంటే వద్దన్నాను. మొదట పెద్దమనిషి ఊరికి పోయాను. ఆయన గుర్తుపట్టి నులకమంచం వాల్చాడు. కూర్చోకుండానే చెప్పేశాను. తాత ఫోటో వద్దన్నాడు, ఆయన కత్తెర కోసం వెళ్లినప్పుడు నేనే తీశాను, ఆ రోజు మీ ముందు అబద్ధమాడాను అని. ఆయన పెరట్లో ఆరబోసిన ఇప్పపువ్వును కాలితో ఒక కొసకు నెడుతూ విన్నాడు. "అప్పుడు చెప్తే ఆయనకు పనికొచ్చేది. ఇప్పుడు నీకు పనికొస్తది" అన్నాడు. తిట్టినట్టు కూడా కాదు, ఇప్పపువ్వు ఎండిందో లేదో చెప్పినట్టే అన్నాడు. మళ్లీ కొలుపుకు అందరి ముందూ చెబుతానన్నాను. "రా. చెప్పు. కాకపోతే పడిగె తిరిగి ఆ ఇంటికి రాదు. ఇంట్ల చెప్పేటోడు లేడు గద" అన్నాడు. నా జీవితంలో ఒక మాటకు ఓడిపోవడం అది రెండోసారి. ఎర్ర గుడ్డ దగ్గర ఓడిన మొదటిసారి నవ్వాను.

అక్కడి నుంచి గూడేనికి నడిచాను. అవ్వ ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బాగా వంగిపోయింది. నేనెవరో చెప్పక్కర్లేకపోయింది. పక్కన చోటు చూపించింది, చేతిలో ఇంత చింతపండు పెట్టింది. ఇద్దరం గింజలు తీశాం. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అంత నోరు పెట్టుకుని, వెతుక్కుంటూ, తడబడుతూ చెప్పాను.

"నాకెరుకనే బిడ్డా" అంది అవ్వ, చేతి పని ఆపకుండా. "పొయ్యికాడ ఉన్న గద. ఫోన్ పట్టి ఏడు తూర్లు కొట్టినవ్. లెక్క పెట్టిన."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదవ్వా? లేచినవు గద, చెప్పకపోతివి?"

"ముసలోడు కూసోమన్నడు. ఇంటికొచ్చినంక గూడ కొట్లాడిన, నేను పొయ్యి చెప్పొస్త అని. వద్దన్నడు. 'ఆ పిల్లనే చెప్తది. గంత నోరున్న పిల్ల, చెప్పకుంట ఉంటదా? ఇయ్యాల అందరి ముందట సిగ్గయ్యింది, అంతే. రేపో మాపో తనే వచ్చి చెప్తది. నువ్వు చెప్తే ఆ పిల్ల దొంగయితది, తను చెప్తే దొర అయితది' అన్నడు." చింతగింజలు చాటలోకి విదిలించింది. "కొలుపు కొలుపుకు తమ్ముని కొడుకు కథ చెప్తాంటే ఈయన పోయి ఎనక కూసునేటోడు. కూసొని తొవ్వ దిక్కు చూసేటోడు. ఏంది చూస్తున్నవ్ అంటే ఏం లేదు అనేటోడు. పోయిన ఎండకాలం గూడ అడిగిండు, ఆ పిల్ల వచ్చిందా అని. నేను లేదన్న. పని ఉండొచ్చులే అన్నడు."

నాకు పనేమీ లేదు. వద్దన్నా నేనే తీశాను అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఒక్క ఊపిరి కోసం ఒక ముసలాయన తన కథ ఇంకొకరు చెబుతుంటే వింటూ, దారి వైపు చూస్తూ, ఐదు ఎండాకాలాలు కూర్చున్నాడు.